అసలా, కొసరా? అమెరికా టిప్పు లెక్కలు

అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతున్నవారు, అక్కడే చదువుకుంటున్నవారు, పనిచేస్తున్నవారు టిప్పుల గురించి పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఎంత శాతం, ఎన్ని డాలర్లు అని చెప్పినవి అక్కడి వాడుకను బట్టి చెప్పినవి. చట్టం చెప్పే మాటైతే చట్టం అనే రాశాం. రెండూ కలిపేసుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి ఆరు నెలలకి వెళ్తున్నాం. బయట తిన్న ప్రతిసారీ బిల్లు మీద 20 శాతం టిప్పు పెట్టాలంటున్నాడు. పనివాళ్లకు జీతం ఇవ్వాల్సింది యజమాని కదా! మనం ఇవ్వడమేమిటి?

జవాబు: మీరడిగింది న్యాయమే. అమెరికాలోనూ చాలామంది ఇదే అడుగుతున్నారు. కానీ అక్కడి చట్టమే టిప్పును జీతంలో లెక్కేసింది. మనకు టిప్పు కొసరు, వాళ్లకు అసలులో భాగం.

ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై నుంచి ఇదే అంకె. అయితే నెలకు 30 డాలర్లకు మించి టిప్పులు వచ్చే పనిలో ఉన్నవారికి యజమాని తన జేబులోంచి గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఈ అంకె 1991 నుంచి కదల్లేదు. మిగతా 5.12 డాలర్లు టిప్పుల రూపంలో వచ్చినట్టు లెక్క రాసుకుంటాడు. దీన్నే టిప్ క్రెడిట్ అంటారు. టిప్పులు అంత రాకపోతే తేడాను యజమానే పూడ్చాలని చట్టంలో ఉంది. ఉన్నమాటే గానీ, ఆ తేడా అడిగే ధైర్యం ఎంతమంది సర్వర్లకు ఉంటుందో మీరే ఊహించుకోండి.

టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా వంటి చోట్ల ఈ 2.13 లెక్కే నడుస్తోంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగన్, నెవాడా, మోంటానా, మిన్నెసోటా, అలాస్కా రాష్ట్రాల్లో మాత్రం టిప్ క్రెడిట్ లేదు. అక్కడ సర్వర్‌కూ పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి. అలాగని ఆ ఏడు రాష్ట్రాల్లో జనం తక్కువ టిప్పు ఇస్తారనుకోకండి. అలవాటు దేశమంతా ఒకటే అయిపోయింది.

ఈ పద్ధతి మీద అక్కడ పోట్లాట కొత్తది కాదు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పులను నిషేధిస్తూ చట్టమే చేసింది. మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. 1926 నాటికి అన్నీ రద్దయిపోయాయి. 1966లో టిప్ క్రెడిట్ చట్టంలోకి ఎక్కాక ఇక వెనక్కి పోయే దారి మూసుకుపోయినట్టే.

ఇక ఎంత ఇవ్వాలంటే, మనిషి టేబుల్ దగ్గరికి వచ్చి ఆర్డర్ రాసుకుని, వడ్డించి, బిల్లు తెచ్చే చోట 18 నుంచి 20 శాతం. 15 ఇస్తే తప్పు పట్టరు గానీ, అంతకన్నా తగ్గితే ఏదో నచ్చలేదని అర్థం చేసుకుంటారు. మీరే లేచి వడ్డించుకునే బఫేలో 10 శాతం చాలు. అక్కడ సర్వర్ చేసేది నీళ్లు తేవడం, ఎంగిలి పళ్లాలు తీయడం.

ప్రశ్న: బిల్లు మీద టిప్పు అని ఒక గీత, టోటల్ అని ఇంకో గీత ఉంటాయట. కార్డు ముందే గీకేశాక టిప్పు ఎలా పడుతుంది? ఎక్కువ లాగేస్తే?

జవాబు: వరుస ఇది. మీరు అడిగితే సర్వర్ బిల్లు తెస్తారు. అందులో తప్పులుంటే ఇప్పుడే చెప్పాలి. మీరు కార్డు ఇస్తారు, లోపలికి తీసుకెళ్లి బిల్లు మొత్తానికి బ్యాంకు అనుమతి తీసుకుంటారు. ఇప్పుడు ఫోనుకు వచ్చే మెసేజ్‌లో టిప్పు కలవని అంకె ఉంటుంది. డబ్బు అప్పుడే పోయినట్టు కాదు, బ్యాంకు ఆ మేరకు పట్టి ఉంచిందంతే. తర్వాత రెండు చీటీలు తెస్తారు. మర్చంట్ కాపీ అని ఉన్నది వాళ్లది, కస్టమర్ కాపీ మీది. టిప్పు గీత మీద అంకె వేసి, కింద టోటల్ కూడా మీరే కూడి రాసి, సంతకం చేసి మర్చంట్ కాపీని అక్కడే వదిలేయాలి. రాత్రి దుకాణం మూసేటప్పుడు వాళ్లు ఆ టిప్పును మెషిన్లో ఎక్కిస్తారు. ఒకటి రెండు రోజుల్లో మీ ఖాతాలో అసలు అంకె కనిపిస్తుంది. మెసేజ్‌కీ స్టేట్‌మెంటుకీ తేడా అందుకే.

ఇక్కడ జరిగే పొరపాట్లలో మొదటిది, సంతకం చేసిన కాపీని జేబులో వేసుకుని ఖాళీ కాపీని వదిలిరావడం. అప్పుడు టిప్పు పడదు, ఆ సర్వర్ ఆ పూట మీకు ఉత్తినే పనిచేసినట్టు. రెండోది, టిప్పు గీతను ఖాళీగా వదిలేయడం. నోట్ల రూపంలో ఇచ్చారనుకోండి, ఆ గీత మీద క్యాష్ అని రాసి, టోటల్ దగ్గర బిల్లు అంకెనే మళ్లీ రాయండి. అసలు ఇవ్వదలచుకోకపోతే అడ్డగీత కొట్టండి. మూడోది కూడిక తప్పు. టిప్పు 8 అని రాసి టోటల్లో 18 కలిపితే వాళ్లు దేన్ని నమ్మాలి? సంతకం చేశాక రెండు చీటీలనూ ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే, స్టేట్‌మెంటులో తేడా వచ్చినప్పుడు బ్యాంకుకు చూపడానికి అదే ఆధారం.

శాతం లెక్కకు ఫోను తీయనక్కర్లేదు. దశాంశ బిందువును ఒక స్థానం ఎడమకు జరిపితే 10 శాతం. 46.80 డాలర్ల బిల్లుకు 4.68. రెండింతలు చేస్తే 20 శాతం, అంటే 9.36. లేదా 4.68కి దాని సగం కలిపితే 15 శాతం, 7.02. న్యూయార్క్ నగరంలో ఇంకో చిట్కా వాడతారు. అక్కడ అమ్మకం పన్ను 8.875 శాతం కాబట్టి, బిల్లులో పన్ను అంకెను రెండింతలు చేస్తే 17.75 శాతం వచ్చేస్తుంది. ఈ చిట్కాను ఒరెగన్‌లో వాడబోకండి. అక్కడ అమ్మకం పన్నే లేదు, సున్నాను రెండింతలు చేస్తే ఏమొస్తుంది!

టిప్పు లెక్క పన్ను కలపక ముందున్న అంకె మీద వేస్తే చాలు. చీటీ కింద 18, 20, 22 శాతాలకు వాళ్లే అచ్చువేసి ఇచ్చే అంకెలు చాలాచోట్ల పన్నుతో కలిపి లెక్కేసినవి. కూపన్ వాడితే మాత్రం తగ్గింపుకు ముందున్న ధర మీద ఇవ్వడం మర్యాద. ధర తగ్గించింది దుకాణం, సర్వర్ పనిలో తగ్గిందేమీ లేదు.

ప్రశ్న: పదిమందిమి కలిసి పుట్టినరోజు విందుకు వెళ్లాం. 20 శాతం టిప్పు పెట్టి ఇంటికొచ్చాక చూస్తే, బిల్లులో గ్రాట్యుటీ అని ముందే కలిపి ఉంది. రెండుసార్లు ఇచ్చినట్టేనా?

జవాబు: ఇచ్చినట్టే. అక్కడి బిల్లులో గ్రాట్యుటీ అంటే టిప్పుకు ఇంకో పేరు, మన పదవీ విరమణ గ్రాట్యుటీ కాదు. ఆరుగురు లేదా ఎనిమిదిమంది దాటిన గుంపుకు 18 నుంచి 20 శాతం వాళ్లే కలిపేసే రెస్టరెంట్లు చాలా ఉన్నాయి. మెనూ చివర చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంటుంది. దెబ్బతినేది ఎక్కడంటే, కలిపిన తర్వాత కూడా కార్డు చీటీ మీద టిప్పు గీత మామూలుగానే వస్తుంది. మెషిన్‌కు మీరు పదిమందో ఇద్దరో తెలియదు.

ఉదాహరణకు తిన్నది 240 డాలర్లు, 18 శాతం గ్రాట్యుటీ 43.20, 8 శాతం పన్ను 19.20 అనుకుందాం. మొత్తం 302.40. ఈ మొత్తం మీద మళ్లీ 20 శాతం రాస్తే ఇంకో 60.48. వెరసి 103 డాలర్లకు పైగా టిప్పులకే పోయింది. తిన్నదాని మీద చూస్తే 43 శాతం!

గుంపుగా వెళ్లినప్పుడు బిల్లులో టోటల్ పైనున్న నాలుగైదు వరుసలు చదవండి. గ్రాట్యుటీ, ఆటో గ్రాట్యుటీ, సర్వీస్ చార్జ్ అని ఏది కనిపించినా పెన్ను ఆపండి. ఆ డబ్బు మొత్తం సర్వర్లకే వెళ్తుందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఎందుకంటే చట్టం దృష్టిలో దుకాణం తప్పనిసరి చేసిన రుసుము టిప్పు కాదు. ఇవ్వాలా వద్దా, ఎంత, ఎవరికి అన్నది కస్టమర్ ఇష్టానికి వదిలితేనే అది టిప్పు. బలవంతంగా కలిపింది యజమాని రాబడి. అందులోంచి సర్వర్లకు పంచితే అది జీతం కింద వస్తుంది. పంచకుండా ఉంచుకున్నా ఫెడరల్ చట్టం అడ్డుపడదు. పూర్తిగా సర్వర్లకే అంటే పైన ఏమీ రాయనక్కర్లేదు. కొంతే వెళ్తుందంటే ఆ కొంత పోను మిగతా శాతం మీ ఇష్టం.

ఇంటికొచ్చాక చూసుకున్నవారు మర్నాడు ఫోన్ చేసి మేనేజర్‌తో మాట్లాడవచ్చు. టిప్పు ఇంకా ఎక్కించి ఉండకపోతే సరిచేయడం తేలికే.

ప్రశ్న: కాఫీ కౌంటర్లో డబ్బు కట్టగానే తెర తిప్పి నా వైపు పెడతారు. 18, 20, 25 శాతం బొత్తాలు. వెనక క్యూ, ఎదురుగా ఆ అమ్మాయి చూపు. సిగ్గుకు ఏదో ఒకటి నొక్కేస్తున్నాను.

జవాబు: కనిపించని బొత్తాలు ఇంకో రెండు ఉంటాయి. కస్టమ్ (మీకు నచ్చిన అంకె వేసుకునేది) అని ఒకటి, నో టిప్ అని ఇంకొకటి. చిన్న అక్షరాల్లో కింద ఉంటాయి. కౌంటర్ దగ్గర తీసుకెళ్లే కాఫీకి, పొట్లం కట్టించుకున్న భోజనానికి టిప్పు ఇవ్వకపోవడం తప్పు కాదు. కాఫీ కలపడంలో ప్రత్యేకంగా శ్రమ ఉంటే ఒక డాలర్. పెద్ద ఆర్డరు ప్యాక్ చేయించుకుంటే 10 శాతం దాకా ఇస్తారు. మీరే వస్తువు తీసుకుని మీరే స్కాన్ చేసుకునే మెషిన్ కూడా టిప్పు అడిగితే నవ్వుకుని నో టిప్ నొక్కండి. ఎవరికిస్తున్నారు?

బార్ కౌంటర్ వేరు. గ్లాసుకు ఒకటి రెండు డాలర్లు అక్కడ వాడుక.

ప్రశ్న: అరగంట ఎవరూ పలకరించలేదు, తెచ్చిన కూర చల్లగా ఉంది. అప్పుడైనా టిప్పు మానేయవచ్చా?

జవాబు: మానేసే ముందు తప్పు ఎవరిదో విడదీయండి. కూర చల్లారిందంటే వంటగదిలోనో, తేవడంలోనో ఆలస్యం. అప్పుడే చెబితే మార్చి ఇస్తారు, చాలాసార్లు ఆ వంటకాన్ని బిల్లులోంచి తీసేస్తారు. సర్వర్ నిర్లక్ష్యమే అయితే 10 శాతానికి తగ్గించి, ఎందుకో మేనేజర్‌కు రెండు ముక్కల్లో చెప్పండి. చెప్పకుండా సున్నా పెడితే మతిమరుపో పిసినారితనమో అనుకుంటారు గానీ, కబురు చేరదు.

ఇంకో సంగతి బయటివారికి తెలియదు. చాలా రెస్టరెంట్లలో సర్వర్ తనకొచ్చిన టిప్పుల్లోంచి టేబుళ్లు తుడిచేవారికి, బార్‌లో ఉన్నవారికి వాటా ఇస్తారు. దీన్ని టిప్ అవుట్ అంటారు. కొన్నిచోట్ల ఆ వాటాను టిప్పు మీద కాక అమ్మకం మీద లెక్కేస్తారు. వాటా 4 శాతమైతే, మీరు 100 డాలర్లు తిని ఏమీ ఇవ్వకపోతే, మీ టేబుల్ పేరిట ఆ సర్వర్ ఇతరుల టిప్పుల్లోంచి 4 డాలర్లు తీసివ్వాలి. అందుకే కోపం వచ్చినా 10 శాతం అని చెబుతున్నాం.

ప్రశ్న: అమ్మానాన్నలకు విమానాశ్రయంలో వీల్‌చెయిర్ పెట్టించాం. తోసేవారికి ఏమైనా ఇవ్వాలా? హోటల్ గదులు, టాక్సీలు, ఇంటికి తెచ్చిచ్చే సరుకులకు లెక్కలేమిటి?

జవాబు: వీల్‌చెయిర్ సాయం ఉచితం. 1986 నాటి ఎయిర్ క్యారియర్ యాక్సెస్ చట్టం ప్రకారం విమాన సంస్థ దానికి డబ్బు తీసుకోకూడదు. తోసేవారికి టిప్పు ఇచ్చి తీరాలన్న నియమమూ లేదు. కానీ ఇవ్వడం వాడుకలో ఉంది. ఇమిగ్రేషన్, సామాన్లు, కస్టమ్స్ అన్నీ దాటించి బయటిదాకా తెచ్చిన మనిషికి 5 నుంచి 10 డాలర్లు ఇస్తారు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, దిగిన పెద్దవాళ్ల దగ్గర వంద డాలర్ల నోట్లే ఉంటాయి. ఇక్కడ డాలర్లు కొనేటప్పుడే ఒకటి, అయిదు నోట్లు ఓ ఇరవై అడిగి తీసుకుని, పర్సులో కాక చొక్కా జేబులో పెట్టమనండి. కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే మనిషి మారతారు, ఎవరిది వారికే. భద్రతా తనిఖీ చేసే సిబ్బందికి, ఇమిగ్రేషన్ అధికారులకు మాత్రం పొరపాటున కూడా నోటు చాపవద్దు. ప్రభుత్వోద్యోగికి డబ్బు ఇవ్వబోతే అది లంచం కిందికి వస్తుంది, మర్యాద అనిపించుకోదు.

హోటల్లో సామాను గదికి తెచ్చినవారికి సంచికి ఒకటి రెండు డాలర్లు. గది శుభ్రం చేసేవారికి రాత్రికి 2 నుంచి 5 డాలర్లు. దీన్ని ఖాళీ చేసే రోజు ఒకేసారి పెట్టేస్తారు చాలామంది. రోజూ ఒకే మనిషి రారు. నాలుగు రోజుల టిప్పూ చివరి రోజు వచ్చినామెకే పోతుంది. ఏ రోజుది ఆ రోజు, థాంక్యూ అని రాసిన కాగితం మీద పెట్టాలి. ఊరికే బల్ల మీద వదిలేస్తే మీరు మర్చిపోయిన డబ్బనుకుని ముట్టుకోరు. కారు పార్క్ చేసి తెచ్చే వాలేకి 2 నుంచి 5, కారు తిరిగి ఇచ్చినప్పుడు.

టాక్సీకి 15 నుంచి 20 శాతం. యాప్ కార్లలో దిగాక ఫోన్లోనే ఇవ్వవచ్చు. ఉబర్ ఈ సౌకర్యం 2017లో పెట్టింది. ఇంటికి తెచ్చిచ్చే భోజనానికీ సరుకులకూ 15 శాతం, చిన్న ఆర్డరైతే అయిదు డాలర్లకు తగ్గకుండా. బిల్లులో డెలివరీ ఫీ, సర్వీస్ ఫీ అని కనిపించేవి కంపెనీవి, తెచ్చిన మనిషికి వెళ్లే టిప్పు కాదు. వానలోనో మంచులోనో మూడో అంతస్తుకు నీళ్ల కేసు మోయించినప్పుడు శాతాలు మర్చిపోండి.

ప్రశ్న: ఎఫ్-1 వీసా మీద చదువుతున్నాను. ఊళ్లో ఒక రెస్టరెంట్ ఆయన, జీతం లేకుండా టిప్పులు మాత్రం తీసుకో, అప్పుడది ఉద్యోగం కిందికి రాదు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: అబద్ధం. పనికి బదులుగా ఏ రూపంలో ప్రతిఫలం వచ్చినా అది ఉద్యోగమే. టిప్పు అయినా, భోజనం అయినా అంతే. వాలంటీర్ అని కాగితం మీద రాసుకున్నా నిలవదు, లాభం కోసం నడిచే వ్యాపారంలో ఉచిత సేవ అనేదాన్ని కార్మిక చట్టం ఒప్పుకోదు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే వీసా హోదా పోతుంది. విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో మీ రికార్డు రద్దయితే చదువు ఆగిపోవడమే కాదు, తర్వాత పెట్టుకునే దరఖాస్తులన్నిటికీ అది అడ్డుపడుతుంది. ఆయనకు కలిసొచ్చేది మాత్రం గంటకు ఆ 2.13 డాలర్లు.

క్యాంపస్ లోపలి కెఫెటీరియాలో అయితే క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల దాకా, సెలవుల్లో పూర్తికాలం చేయవచ్చు. చేరే ముందు మీ కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి. అక్కడ టిప్పులు వస్తే అవీ ఆదాయమే. పన్ను రిటర్నులో చూపాలి.

ప్రశ్న: గ్రీన్‌కార్డు ఉంది. కనుబొమల థ్రెడింగ్ చేసే సెలూన్లో పనిచేస్తున్నాను. టిప్పులన్నీ ఒక డబ్బాలో వేయించి ఓనరు ఒక వాటా తీసుకుంటోంది. కార్డు టిప్పుల్లో కోత కూడా వేస్తోంది. ఆ మధ్య టిప్పులకు పన్ను లేదన్నారు, మరి నా జీతంలో పట్టుకుంటూనే ఉన్నారు.

జవాబు: మూడు ప్రశ్నలు. మొదటిదానికి చట్టం సూటిగా ఉంది. 2018లో చేసిన సవరణ ప్రకారం యజమాని గానీ, మేనేజర్లు, సూపర్‌వైజర్లు గానీ ఉద్యోగుల టిప్పులు ఉంచుకోకూడదు. డబ్బాలో కలిపించి పంచవచ్చు గానీ, ఆ పంపకంలో ఆమెకు వాటా లేదు. తను స్వయంగా ఒక్కతే థ్రెడింగ్ చేసినప్పుడు ఆ కస్టమర్ తన చేతికిచ్చిన టిప్పు మాత్రం ఉంచుకోవచ్చు.

కార్డు కోత విషయంలో ఆమెకు కొంత హక్కుంది. కార్డు కంపెనీ 3 శాతం తీసుకుంటే, 10 డాలర్ల టిప్పులో 30 సెంట్లు తగ్గించి ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. ఒక డాలర్ తగ్గిస్తే ఒప్పుకోదు. కాలిఫోర్నియాలో అయితే ఆ 30 సెంట్లు కూడా కోయకూడదు.

ఇవాళ్టి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, పనిచేసిన గంటలు, చేతికొచ్చిన టిప్పు, కార్డు టిప్పు, డబ్బాలోంచి వచ్చిన వాటా, ఓనరు తీసుకున్నది ఏ రోజుకారోజు రాయండి. తర్వాత గుర్తుచేసుకుని రాసినదానికి అంత బలం ఉండదు. ఫిర్యాదు లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు, 1-866-487-9243 నంబరుకు చేయవచ్చు. ఫిర్యాదు చేసినందుకు పనిలోంచి తీయడం నేరుగా చట్టవిరుద్ధం. బకాయి రెండేళ్ల వెనక దాకా, కావాలని చేశారని తేలితే మూడేళ్ల దాకా రాబట్టవచ్చు. అందుకే నాన్చవద్దు.

పన్ను మాటకొస్తే, టిప్పులకు పన్ను లేదన్నది నినాదం. చట్టంలో ఉన్నది అంతకన్నా చిన్నది. 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పులను ఆదాయపు పన్ను లెక్కలోంచి తగ్గించుకోవచ్చు. మీ ఆదాయం 1,50,000 డాలర్లు దాటితే (దంపతులు కలిసి వేస్తే 3,00,000) ఈ మినహాయింపు తగ్గుతూ పోతుంది. పెళ్లైనవారు ఉమ్మడి రిటర్ను వేస్తేనే దొరుకుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. అందం, అలంకరణ పనులు అర్హమైన వృత్తుల జాబితాలో ఉన్నాయి. కస్టమర్ ఇష్టపూర్వకంగా ఇచ్చిన టిప్పే లెక్కకొస్తుంది, దుకాణం కలిపే సర్వీస్ చార్జ్ రాదు. జీతంలో పట్టుకునే సోషల్ సెక్యూరిటీ (పింఛను పథకం) 6.2 శాతం, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) 1.45 శాతం టిప్పుల మీద ఎప్పటిలాగే ఉంటాయి. మీ పే చెక్కులో కనిపిస్తున్న కోతలో ఇవి ఉంటాయి.

ఈ మినహాయింపు రావాలంటే టిప్పు కాగితం మీద కనిపించాలి. నెలకు 20 డాలర్లు, అంతకు మించి టిప్పులు వస్తే, ఆ మొత్తాన్ని వచ్చే నెల 10వ తేదీలోగా యజమానికి రాసివ్వాలి. ఇవ్వకుండా వదిలేసినవి ఉంటే రిటర్నుతో ఫారం 4137 జతచేయాలి. చేతికొచ్చిన నోట్లను చూపకపోతే మిగిలిందనుకుంటారు గానీ, రేపు ఇల్లు కొనడానికి లోను అడిగినప్పుడు బ్యాంకు చూసేది కాగితం మీదున్న ఆదాయాన్నే. సోషల్ సెక్యూరిటీ పింఛనూ అంతే.

ప్రశ్న: క్రిస్మస్‌కు మా పోస్ట్‌మ్యాన్‌కు 50 డాలర్లు కవర్లో పెట్టి ఇద్దామనుకుంటున్నాం.

జవాబు: వద్దు. అమెరికా తపాలా ఉద్యోగులు నగదు ఎంత చిన్న మొత్తమైనా తీసుకోకూడదు. ఒక సందర్భానికి 20 డాలర్ల లోపు విలువైన వస్తువు ఇవ్వవచ్చు. ఒక ఇంటి నుంచి ఏడాది మొత్తానికి 50 డాలర్లు దాటకూడదు. మిఠాయి డబ్బానో, చేతి తొడుగులో ఇవ్వండి. చెత్త తీసుకెళ్లేవారు, పేపర్ వేసేవారు, పిల్లల్ని చూసుకునే ఆమె, వీరికి డిసెంబరులో కవరు ఇవ్వడం అక్కడ మామూలే. చెత్తబండి నగరపాలక సంస్థదైతే ముందు వాళ్ల నియమం చూడండి, ప్రైవేటు కంపెనీదైతే ఆ బెంగ లేదు.